పరుపు కింద పెట్టిన బ్యాటరీ

నేను బ్యాటరీల షాపులో ముప్పై మూడేళ్లు పనిచేశానని తెలిస్తే చాలు, పెళ్లి భోజనాల్లో పక్కన కూర్చున్నవాడు కూడా ఒకటే అడుగుతాడు, ఏ కంపెనీ బ్యాటరీ మంచిదని. ఏదో ఒక పేరు చెప్పేస్తాను. చెప్పకపోతే అన్నం తిననివ్వరు. నిజానికి కంపెనీని బట్టి తేడా కొంతే ఉంటుంది. ఆ బ్యాటరీ ఎక్కడ కూర్చుంటుంది, ఎవరి కోసం ఏం పని చేస్తుంది అన్నదాన్ని బట్టి చాలా ఉంటుంది. ఈ ముక్క ఇప్పుడు ఇంత సులువుగా రాస్తున్నాను గానీ, నాకు తెలిసొచ్చింది మాత్రం రిటైర్ కావడానికి ఏడాది ముందు. అప్పటిదాకా నాకు అన్నీ తెలుసనే అనుకున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం ఆ సంగతి రాస్తున్నాను. ఇందులో నా గొప్ప ఏమీ లేదని ముందే చెబుతున్నాను.

మా షాపు దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద ఉండేది. ఒకప్పుడు అడ్రసు చెప్పాలంటే బస్టాండ్ నుంచి ఎన్ని అడుగులో, పక్కన ఏ మిఠాయి దుకాణమో చెప్పాల్సి వచ్చేది. మెట్రో వచ్చాక పిల్లర్ నంబరు చెబితే సరిపోయేది. మా సేటుది హయత్‌నగర్ పాత కాపుదనపు కుటుంబం. వాళ్ల పొలాలు ప్లాట్లయ్యాయి, ఆ తర్వాత ఈ షాపు పెట్టారు. ఆయనకు బ్యాటరీల గురించి పెద్దగా తెలియదు. ఆ మాట ఆయనే నవ్వుతూ చెప్పేవారు. కౌంటర్ పూర్తిగా నాకు వదిలేశారు.

కౌంటర్ వెనక సామాను గది, దాని వెనక ఛార్జింగ్ గది. ఛార్జింగ్ గదికి తలుపు లేదు. చౌకట్టు ఉంది, కీలు దిగ్గొట్టిన చిల్లులు ఉన్నాయి, తలుపు మాత్రం నేను చేరిన కొత్తల్లోనే పీకించేశాం. ఆ గదిలో పనిచేసే అతనిది గుంటూరు వైపు. ఇరవై ఏళ్ల కింద ఇటు వచ్చి స్థిరపడ్డాడు. వయసులో నాకంటే నాలుగేళ్లు చిన్న. నన్ను అన్నగారూ అనేవాడు. బ్యాటరీల్లో నీళ్లు పోయడం, ఛార్జింగ్ పెట్టడం, ఏది చచ్చింది ఏది బతికుంది చూడడం అతని పని. చొక్కాలన్నీ కింద అంచు దగ్గర జల్లెడలా ఉండేవి. యాసిడ్ చినుకులు పడితే బట్ట అట్లా అవుతుంది.

నాకొక పేరుండేది. కౌంటర్ దగ్గరికి మనిషి వచ్చి నోరు తెరిచేలోపే "ఏం బండి?" అంటాను. అతను బండి పేరు సగం చెప్పేసరికి బ్యాటరీ కౌంటర్ మీద ఉంటుంది. ఎల్బీనగర్ నుంచి, బడంగ్‌పేట్ నుంచి పనిగట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లున్నారు. ఎక్కువ మాట్లాడడు, టకీమని ఇచ్చేస్తాడని మెచ్చుకునేవాళ్లు. ఆ మెప్పు నా నెత్తికెక్కి చాలా ఏళ్లయింది. ఇంకో నియమం కూడా నేనే పెట్టాను. గిరాకీ ముందు ఛార్జింగ్ గదివాళ్లు మాట్లాడకూడదు. ఇద్దరు రెండు మాటలు చెబితే గిరాకీ మూడో షాపుకు పోతుందని నా లెక్క.

ఒక బుధవారం పొద్దున, షాపు తీసిన కాసేపటికి, పిల్లర్ పక్కన ఒక పాత వ్యాను ఆగింది. ఒకప్పుడు ఏదో ఆఫీసు సిబ్బందిని మోసిన బండి. సీట్లన్నీ పీకి, లోపల ఒక మంచం, చిన్న అల్మారా, మూరెడు ఫ్రిజ్, ఒంటి పొయ్యి గ్యాస్ స్టవ్, ఫ్యాను అమర్చుకున్నారు. కిటికీలకు పూల పరదాలు. ఊళ్లు తిరుగుతూ అందులోనే పడుకునే క్యాంపర్ బండి అన్నమాట. ఇప్పుడు కొందరు లక్షలు పోసి చేయించుకుంటున్నారు గానీ ఇది ఇంట్లో చేసుకున్నది. రెంచీ పట్టడం తెలిసినవాడి పనితనం కనిపిస్తూనే ఉంది.

దిగిన పెద్దాయన తుర్కయంజాల్‌లో ఉంటాడు, సొంతూరు నల్గొండ వైపు. ముప్పై ఏళ్లు బస్సు డ్రైవర్‌గా చేసి దిగిపోయాడు. పక్క సీట్లో ఆయన భార్య కూర్చుని ఉంది. ఆమె దిగలేదు, మేమూ రమ్మనలేదు.

బండిలో రెండు బ్యాటరీలు. ముందుది ఇంజన్ స్టార్ట్ చేయడానికి. వెనకది మంచం కింద చెక్కపెట్టెలో ఉంది. లైటు, ఫ్యాను, ఫ్రిజ్ దాని మీదే నడుస్తాయి. ఆ వెనకది చచ్చిపోయింది. పైన కాగితం ఊడిపోయి పేరు కూడా కనబడని పాత సీల్డ్ బ్యాటరీ అది. అంటే మూత ఉండదు, నీళ్లు పోసే పని లేదు, మామూలుగా ఆవిరి బయటికి రాదు.

పెద్దాయన మాటకారి. ఇంత హడావుడి ఎందుకో తనే చెప్పుకొచ్చాడు. ఆయన సర్వీసులో సగం రాత్రులు నైట్ హాల్ట్ బస్సుల్లోనే గడిచాయట. సాయంత్రం ఆఖరి బస్సు ఏదో ఊరికి తీసుకెళ్లి, అక్కడే పడుకుని, పొద్దున మొదటి బస్సుగా వెనక్కి తేవాలి.

"నువ్వు పండుకున్న ఊర్లన్నీ నాకు చూపియ్యి అంటది అన్నా ఈమె. ముప్పై ఏండ్లు ఒక్కతే పండుకున్నది గదా, ఆ లెక్క నాకు చెప్పాలె అంటది."

రేపు పొద్దున బయలుదేరాలని అనుకున్నారు. ఇంకో సంగతీ చెప్పాడు. ఆమెకు నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు ఉంది. ముక్కుకు మాస్కు పెట్టి గాలి కొట్టే చిన్న మిషన్ పెట్టుకునే పడుకోవాలి, అది లేకుండా ఒక్క రాత్రి కూడా పడుకోవద్దని దవాఖానలో గట్టిగా చెప్పారు. ఆ మిషన్ కూడా వెనక బ్యాటరీ మీదే నడవాలి. పాతది నడిజాముకే ఆగిపోతుంటే ఆమె ఉలిక్కిపడి లేస్తోందట.

నాకు ఇందులో వినబడింది ఒక్కటే, రాత్రంతా నడవాలి అని. రాత్రంతా నడవాలంటే మన ఊళ్లో ఎవరికైనా గుర్తొచ్చేది ఇన్వర్టర్‌కు పెట్టే పొడుగు బ్యాటరీయే. కరెంటు కోతల కాలంలో ఆ బ్యాటరీలు అమ్మే నేను పెరిగాను. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో, తుర్కయంజాల్ కొత్త ఇళ్లలో మెట్ల కింద కూర్చున్న పొడుగు బ్యాటరీలు సగం నా చేతి మీదుగా పోయినవే. బండి స్టార్ట్ చేసే బ్యాటరీ ఒక్కసారి గట్టిగా తోస్తుంది, రోజూ అడుగంటా వాడితే కొన్ని నెలల్లో చస్తుంది. పొడుగుది అట్లా కాదు, మెల్లగా ఇస్తుంది, ఏళ్ల తరబడి ఇస్తుంది. అంతవరకు నా ఆలోచనలో తప్పు లేదు. కొత్తగా లిథియం బ్యాటరీలు కూడా వస్తున్నాయి, కానీ ఆ పాత బండిలో ఛార్జరు, వైర్లు అన్నీ మార్చాలి. ఒక్కరోజులో అయ్యే పని కాదు.

పొడుగు బ్యాటరీ ఆ చెక్కపెట్టెలో పట్టలేదు. జానెడు ఎత్తు ఎక్కువైంది. అప్పుడైనా ఆగాల్సింది. ఆగకుండా పక్క గల్లీ వెల్డింగ్ అతన్ని పిలిపించి, మంచం కాళ్లకు ఇనుప ముక్కలు అతికించి జానెడు లేపించాను. పెట్టెకు పైన పలక తీయించేశాను. దాని మీద పరుపు పరిచాం.

వెల్డింగ్ ఇంకా సగంలో ఉండగా పాత బ్యాటరీ మోసుకుపోవడానికి ఛార్జింగ్ గది నుంచి అతను వచ్చాడు. బండి లోపలికి తొంగి చూసి, గిరాకీకి వినబడకుండా నన్ను పక్కకు పిలిచాడు.

"అన్నగారూ, అది మూసిన బండండీ. ఆవిడ సరిగ్గా దాని మీదే పడుకుంటారు. సీల్డుదే ఇద్దామండీ."

వేడి మీదున్నాను. మంచం లేపించే పని సగంలో ఉంది. గిరాకీ చూస్తున్నాడు. సీల్డ్‌ది అదే సైజులో ఒకటి లోపల ఉందన్న సంగతి కూడా నాకు తెలుసు. అయినా మాట నెగ్గించుకోవాలన్న పట్టుదల వచ్చింది.

"నీ పని నీళ్లు పోసుడు. కౌంటర్ సంగతి నాకు ఇడిశిపెట్టు" అన్నాను.

అతను పాత బ్యాటరీ భుజానికెత్తుకుని లోపలికి పోయాడు. ఎత్తుకునే ముందు పెద్దాయనతో ఒక నిమిషం మాట్లాడాడు. మొదటి మజిలీ ఎక్కడండీ అని అడిగాడు. పెద్దాయన ఊరి పేరు చెప్పాడు. నేను రసీదు రాస్తున్నాను, చెవిన పెట్టలేదు.

మర్నాడు గురువారం, షట్టర్ లేపుతుండగానే పెద్దాయన ఫోన్ చేశాడు. రాత్రి ఇంటి ముందే బండిలో పడుకుని చూశారట. ఇంటి కరెంటు వైరు తగిలించి, ఛార్జింగ్ పెట్టుకునే పడుకున్నారు. మిషన్ తెల్లారేదాకా ఆగకుండా నడిచింది. ఆ మాట విని నా ఛాతీ ఒక అంగుళం ఉబ్బింది.

"అంతా మంచిగనే ఉందన్నా. జర వాసనొచ్చింది. మా ఆమె రాత్రంత దగ్గింది" అన్నాడు.

"కొత్తది గదా అన్నా. నాలుగొద్దులు అట్లనే ఉంటది, పోతది. పరేషాన్ గాకు" అన్నాను.

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు. కొత్త బ్యాటరీకి నాలుగు రోజులు వాసన రావడం అనేది లేనే లేదు. గిరాకీ అడిగిన దానికి జవాబు లేకుండా ఫోన్ పెట్టడం నాకు అలవాటు లేదు, అంతే. కౌంటర్ మీద ఉండే మనిషికి ఇంతకంటే చెడ్డ అలవాటు ఇంకోటి ఉండదు. పెద్దాయన నన్ను నమ్మి, సరే బయలుదేరుతున్నాం అన్నాడు.

ఆ రోజు పొద్దుటి నుంచి ముసురు పట్టింది. మధ్యాహ్నం ఒంటిగంటకు నేను టిఫిన్ డబ్బా విప్పి, వెనక్కి చూస్తే అతను వెనక మెట్టు మీద ముడుచుకుని కూర్చుని అన్నం తింటున్నాడు. ఇరవై ఏళ్లుగా ఆ మెట్టు మీదే తింటాడు. సన్న చినుకు అన్నం డబ్బాలో పడుతోంది. నిన్నటి మాటకు లోపల నాకు కాస్త కష్టంగానే ఉంది. అది చూపించుకోవడం రాక, వానలో ఎందుకు తమ్మీ, ఆ గదిలో కూసొని తినరాదు అన్నాను.

"ఛార్జింగ్ పెట్టాను కదండీ. ఆ గదిలో అరగంట కూర్చుంటే గొంతు పట్టేస్తుంది" అన్నాడు.

మామూలుగానే అన్నాడు, దెప్పిపొడవలేదు. నా ముద్ద నోటి దగ్గర ఆగిపోయింది. తలుపు లేని ఆ చౌకట్టు వైపు చూశాను. ఆ తలుపు పీకించింది నేనే. ఛార్జింగ్ అవుతున్నప్పుడు ఆ పొడుగుదానిలాంటి మూతల బ్యాటరీ ఉడుకుతుంది. దాని నుంచి యాసిడ్ ఆవిరి వస్తుంది, అంటుకునే గ్యాస్ కూడా వస్తుంది. గది మూసి ఉంటే మనిషికి ఊపిరాడదు, నిప్పురవ్వ పడితే పేలుతుంది. పాత రోజుల్లో ఒక పనివాడు ఆ గదిలో తలుపు వేసుకుని కునుకు తీసి, కళ్లు తిరిగి పడిపోయాడు. ఆ సాయంత్రమే నేను మనిషిని పిలిపించి తలుపు ఊడదీయించాను. ఇన్వర్టర్ పెట్టించుకునే ప్రతి ఇంట్లోనూ, పడకగదిలో వద్దు, మెట్ల కింద పెట్టుకోండని నా నోటితో చెప్పాను. అన్నీ తెలిసిన నేనే, తలుపులున్న ఒక డబ్బాలో, ఊపిరి ఆగే జబ్బున్న మనిషి పరుపు కింద ఛార్జింగ్ గది పెట్టి పంపాను. పైగా బండి నడిచినంతసేపూ ఇంజన్ మీద అది ఛార్జింగ్ అవుతూనే ఉంటుంది. ఇది వాన. కిటికీలు మూసుకుంటారు.

రసీదు పుస్తకంలో నంబరు చూసి ఫోన్ చేశాను. మోగుతోంది, తీయడు. స్టీరింగ్ పట్టుకున్నాక ఫోన్ ముట్టనని నిన్న తనే గొప్పగా చెప్పాడు. పదిసార్లు చేశాను. ఆమె నంబరు నా దగ్గర లేదు. అడగలేదు కదా.

సేటు ముందు కూర్చుని ఉన్నారు. ఆయనకు జరిగింది చెప్పాను. దాచకుండా చెప్పాను, అతను వద్దన్నాడు నేనే ఇచ్చానని కూడా చెప్పాను. ఆయన షాపు ట్రాలీ ఆటో తీసుకుని ఇప్పుడే పొమ్మన్నారు. కానీ ఎక్కడికి పోవాలి? మొదటి మజిలీ ఊరి పేరు పెద్దాయన నా ముందే చెప్పాడు, నాకు గుర్తు లేదు. అతను అప్పటికే చేయి కడుక్కుని, సీల్డ్ బ్యాటరీ ట్రాలీలో పెడుతున్నాడు. ఊరి పేరు, ఏ మలుపులో తిరగాలో, స్కూలు ముందు బస్సు ఆగేదని, అన్నీ అతనికి తెలుసు.

నాకు ట్రాలీ ఆటో నడపడం రాదు. అతనే నడిపాడు. ఎల్బీనగర్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని, సాగర్ రింగ్ రోడ్డు దాటి, తుర్కయంజాల్ దాటి, ఇబ్రహీంపట్నం మీదుగా పోయాం. రెండు గంటల పైన పట్టింది. నేను ఫోన్ చేస్తూనే ఉన్నాను. మనసులో గ్యాస్ స్టవ్ మెదులుతోంది. ఆమె చాయ్ పెట్టుకుందామని బండిలో అగ్గిపుల్ల గీస్తే ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు, పైకి అనలేదు.

ఊరి మొదట్లోనే స్కూలు ఉంది. పిల్లలు ఇళ్లకు పోయినట్టున్నారు, ఎవరూ లేరు. వ్యాను ప్రహరీ పక్కన ఆగి ఉంది, కిటికీలు మూసి ఉన్నాయి. నేను దిగి పరుగెత్తాను. అరవైకి దగ్గర పడుతున్న మనిషి బురదలో పరుగెత్తితే ఎట్లా ఉంటుందో అట్లానే ఉండి ఉంటుంది. బండి తలుపు లాగాను. కుళ్లిన గుడ్ల వాసన, గొంతులో కారం కొట్టినట్టు మంట. లోపల ఎవరూ లేరు.

స్కూలు వరండాలోంచి దగ్గు వినిపించింది. ఆమె అక్కడ ఉంది. స్టవ్ తెచ్చుకుని వరండాలో పెట్టుకుని చాయ్ కాస్తోంది. పెద్దాయన స్తంభానికి ఆనుకుని తల పట్టుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం ఇక్కడికి చేరాక, అలసిపోయావు కాసేపు నడుం వాల్చమని పెద్దాయన అంటే, ఆమె కిటికీలు మూసి మిషన్ పెట్టుకుని పడుకుందట. అరగంటకు దగ్గుతో, కళ్ల మంటతో లేచి బయటికి వచ్చేసింది. ఆ వాసన పడక స్టవ్ కూడా బయటికి తెప్పించుకుంది. మా ఇద్దరి పరువే కాదు, వాళ్లిద్దరి ప్రాణాలు కూడా ఆ వాసన పడకపోవడమే నిలబెట్టింది.

మమ్మల్ని చూసి పెద్దాయన లేచాడు. ఫోన్ బండి ముందు అరలోనే ఉండిపోయిందన్నాడు. వెనక్కి పోదామని అప్పటికే నిర్ణయించుకున్నారు. ఆమె చాయ్ గిన్నె దించి, నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"కొత్తదానికి గట్లనే వాసనొస్తదని చెప్పింది మీరేనా?"

"నేనేనమ్మా. అబద్ధం చెప్పిన. నాకు తెల్వక గాదు, ఆలోచన చెయ్యక."

పెద్దాయన భార్య వైపు చూడలేకపోయాడు. "రాత్రి నుంచి చెప్తనే ఉంది అన్నా. నేనే ఈమె మాట కంటే నీ మాట ఎక్కువ నమ్మిన" అన్నాడు. తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది. ఆయన తిట్టలేదు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, వాన తుడుచుకుంటున్నట్టు తుడుచుకున్నాను.

తలుపులు, కిటికీలు బార్లా తెరిచి, అరగంట గాలి పోయేదాకా ఆగి, అప్పుడు వైర్లు విప్పాం. పరుపు ఎత్తి చూస్తే ఇంకో సంగతి కనబడింది. ఆమె మిషన్‌ను మంచం పక్కన, సరిగ్గా పెట్టె మీద పలక తీసేసిన ఖాళీ దగ్గర పెట్టుకుంది. అది గాలి పీల్చుకునే వైపు బ్యాటరీ మూతలకు నాలుగు వేళ్ల దూరం. బండిలో గాలి కాదు, బ్యాటరీ ఉడికిన ఆవిరి నేరుగా ఆమె ముక్కులోకి కొడుతోంది. అతను అది చూసి నాకు చూపించాడు. మిషన్‌లో గాలి వడకట్టే దూది ముక్క వెంటనే మార్చాలన్నాడు. ఆమె సంచిలో కొత్తవి ఉన్నాయి.

సీల్డ్ బ్యాటరీ చెక్కపెట్టెలో సరిగ్గా పట్టింది. వెనక ఛార్జరు కూడా మొదటి నుంచి దానికే సరిపోయేలా పెట్టుకున్నది. ఇక మిగిలింది ఒక్కటే, అది రాత్రంతా వస్తుందా లేదా. పొడుగుదానంత ఓపిక దీనికి ఉండదు. కాగితం, పెన్ను తీసి, పెద్దాయన్ని మిషన్ ఎంత కరెంటు తింటుందని అడిగాను. ఆయన భార్య వైపు చూశాడు. అప్పుడు నేను ముప్పై రెండేళ్లలో మొదటిసారి, బ్యాటరీని వాడుకునే మనిషి వైపు తిరిగి అడిగాను.

ఆమె లేచి, వ్యానులోకి ఎక్కి, అల్మారా తలుపు తెరిచింది. తలుపు లోపలి వైపు పెన్సిల్‌తో వరుసగా రాసి ఉంది. పాత బ్యాటరీ మీద ఇంటి ముందు పడుకుని చూసిన రాత్రులన్నీ ఉన్నాయి. ఫ్రిజ్ నడిచిన రోజు మిషన్ ఎన్నింటికి ఆగింది, ఫ్రిజ్ ఆపిన రోజు ఎన్నింటికి ఆగింది. మిషన్‌లో గాలిని తడిపే వేడినీళ్ల డబ్బా ఒకటి ఉంటుంది, అది పెడితే ఎంత, పెట్టకపోతే ఎంత. నెలనెలా ఎంత తగ్గుతూ వచ్చింది. మా షాపులో మీటర్లు పెట్టి చూసినా ఇంత వివరంగా తెలియదు.

"ఇది నిన్ననే చూపిస్తే అయిపోవు గదమ్మా" అన్నాను. అనగానే నాలుక్కరుచుకున్నాను.

"మీ షాపు ముంగట మూడు గంటలు కూసున్న. నన్ను ఎవరన్న అడిగిన్రా?"

ఎవరూ అడగలేదు. ఆ మూడు గంటల్లో వెల్డింగ్ అతన్ని అడిగాను, పెద్దాయన్ని అడిగాను, కొలత టేపును అడిగాను. సమాధానం ముందు సీట్లో కూర్చుని ఉంది.

ఆమె లెక్కలు పెట్టుకుని వరండాలో కూర్చుని చూశాం. ముగ్గురం అంటే నేను, అతను, ఆమె. వేడినీళ్ల డబ్బా తీసేసి, రాత్రి ఫ్రిజ్ ఆపేస్తే, ఫ్యాను తిరిగినా కూడా కొత్త సీల్డ్ బ్యాటరీ తెల్లారేదాకా వస్తుందని తేలింది. వేడినీళ్లు లేకపోతే గొంతు ఎండుతుంది, పక్కన నీళ్ల చెంబు పెట్టుకుంటానంది. ఫ్రిజ్ సంగతి అడిగితే, రాత్రిపూట ఫ్రిజ్ ఏం చేసుకోను, పాలు పెరుగు ఏ ఊళ్లో అయినా దొరుకుతాయి అంది. వెనక్కి పోతారా, ముందుకు పోతారా అని నేను అడగలేదు. అడిగే ముఖం లేదు. పెద్దాయనే అడిగాడు.

"ఇంకా ఒక్క ఊరన్న చూడకముందే వాపస్ పోవుడేంది" అంది ఆమె.

ఆ రాత్రికి మాత్రం బండిలో వద్దని, వాసన పూర్తిగా పోనివ్వాలని అతను గట్టిగా చెప్పాడు. గిరాకీ ముందు బ్యాటరీ సంగతి అతను చెప్పడం, నేను వినడం అదే మొదలు. స్కూలు పక్కన పెద్దాయనకు పాత రోజుల్లో అన్నం పెట్టిన ఇంటివాళ్లు ఇప్పటికీ ఉన్నారు, మిషన్ పెట్టుకోవడానికి కరెంటు ఉంది. అక్కడ పడుకుంటామన్నారు. మర్నాడు దగ్గర్లోని దవాఖానలో చూపించుకుని గాని ముందుకు పోవద్దని చెప్పి, ఈసారి ఆమె నంబరు తీసుకుని బయలుదేరాం. పొడుగు బ్యాటరీ ట్రాలీలో మా వెనకే వచ్చింది.

తిరుగు దారిలో ఇబ్రహీంపట్నం దగ్గర చాయ్ తాగడానికి ఆగాం. గ్లాసు చేతిలో పెట్టుకుని చాలాసేపు మాటలు కూడగట్టుకున్నాను.

"తమ్మీ, నిన్న నీ మాట ఇనాల్సుండె" అన్నాను.

అతను చాయ్ పూర్తిచేసి గ్లాసు పెట్టాక అన్నాడు. "నేనూ గట్టిగా చెప్పాల్సిందండీ. మీరు కోప్పడతారని ఊరుకున్నాను. రాత్రి నిద్ర పట్టలేదు."

తప్పులో సగం తను తీసుకుంటున్నాడు. అతను అట్లా అనేసరికి నేను ఇంకా చిన్నబోయాను. అతని నోరు మూయించిన నియమం పెట్టింది నేనే కదా. మర్నాటి నుంచి ఆ నియమం ఎత్తేశాను. కౌంటర్ దగ్గర అతనికీ ఒక స్టూలు వేయించాను. మొదట్లో కూర్చోడానికి మొహమాటపడ్డాడు. తర్వాత నాకే అడ్డం తగిలే స్థాయికి వచ్చాడు. నా చురుకుదనం తగ్గిందని, ముసలాడు ప్రశ్నలెక్కువ వేస్తున్నాడని గిరాకీలు గొణిగారు. ఎక్కడ పెడతారు, ఎవరు వాడతారు, వాళ్లు వచ్చారా అని అడిగితే కొందరు విసుక్కుని వేరే షాపుకు పోయారు కూడా. పోనీ అనుకున్నాను.

మధ్యలో ఆమెకు రెండుసార్లు ఫోన్ చేశాను. దగ్గు మూడు రోజుల్లో తగ్గిందంది. దాదాపు నెల తర్వాత వ్యాను మళ్లీ పిల్లర్ పక్కన ఆగింది. ఈసారి ఆమే ముందు దిగింది. కౌంటర్ దగ్గర నన్ను దాటుకుని నేరుగా వెనక్కి పోయి, అతని చేతిలో ఒక సీతాఫలాల సంచి పెట్టింది. తర్వాత ఇంకో సంచి తెచ్చి నా ముందు పెట్టింది. నాది కొంచెం చిన్నది. న్యాయమే అనుకున్నాను.

ఏ ఊరు బాగుంది చెల్లె అని అడిగాను. ఇప్పుడు నాకు అడగడం అలవాటైంది.

"అన్నీ ఒక్క తీరే ఉన్నయన్నా. ఒక స్కూలు, ఒక బోరింగు, లెక్కలేనన్ని దోమలు. గిసుంటి కాడనా ఈ మనిషి ఇన్నేండ్లు పండుకున్నది అనిపిచ్చింది" అంది. పెద్దాయన పక్కకు తిరిగి నవ్వుకున్నాడు. ఆమె నవ్వలేదు. ఇంకా రెండు ఊళ్లు మిగిలాయి, చలికాలంలో పోతాం అంది.

బ్యాటరీ ఒకసారి చూడమని అడిగితే, నేను మీటరు పట్టుకుని బండి ఎక్కాను. బ్యాటరీ బాగుంది. దిగబోతూ అల్మారా తలుపు తెరిచి చూశాను. పాత వరుసల కింద కొత్త వరుసలు చేరాయి. ఒక్కో ఊరి పేరు, దాని పక్కన ఒకటే మాట, తెల్లారింది అని. మిషన్ ఎన్నింటికి ఆగిందో రాసుకునే అవసరం ఆమెకు లేకపోయింది. ఊరి తర్వాత ఊరు, తెల్లారింది, తెల్లారింది, కింది అంచు దాకా అదే.

పాత వరుసలకూ ఈ కొత్త వరుసలకూ మధ్యలో ఒక రాత్రి ఉంది. బుధవారం రాత్రి, తుర్కయంజాల్, ఇంటి ముందు. టైము రాయలేదు, తెల్లారిందని కూడా రాయలేదు. దాని పక్కన ఆమె "దగ్గు" అని రాసుకుంది.

రిటైరైన రోజు సేటు నాకు శాలువా కప్పి, నా చేతి పని గురించి చాలా మంచి మాటలు చెప్పారు. నాకు ఆ అల్మారా తలుపే గుర్తొస్తూ ఉంది. వ్యాను తిరిగొచ్చిన రోజు బండిలో నిలబడి, దగ్గు అన్న ఆ ఒక్క మాట చెరిపేయమ్మా అని ఆమెను అడగబోయాను. అడగలేదు. ఆ తలుపు మీద పూర్తిగా నా ఒక్కడి పని అదే.